రామగుండమునకు మూగ రేడియోయా?

2024 ఆగస్టు 28వ తేదీన కేంద్ర మంత్రివర్గమువారు, ప్రైవేటు ఎఫ్.ఎం. రేడియో ఇంకను అడుగిడని 234 పట్టణములలో 730 ప్రసార మార్గములను వేలము వేయుటకు తీర్మానించిరి. అందు తెలంగాణమునకు వచ్చినవి పది పట్టణములు, 31 మార్గములు. రామగుండమునకు మూడు. ఈ వార్త విని గోదావరిఖని వర్తకులు తమ ప్రకటనలకు క్రొత్త త్రోవ దొరకెనని సంతోషించియుందురు. పడుచువాండ్రు పాటలకొరకు ఉవ్విళ్లూరియుందురు. అందు తప్పేమియు లేదు. మేమును పాటకు శత్రువులము కాము. కాని ఈ వరముతోపాటు ఒక శాపమును కలదు. దానిని గూర్చి మాత్రము ఎవ్వరును మాటాడుటలేదు. ఈ కేంద్రములు తమంతట తాము వార్తలు సేకరించి చెప్పరాదు. ఆకాశవాణివారి వార్తలను అక్షరము మార్పక తిరిగి వినిపింపవచ్చునట! వాతావరణము, రాకపోకల సంగతులు, పరీక్షా ఫలితములు, స్థానికోత్సవములు, క్రీడలు, స్థానికాధికారులు తెలిపిన నీటి, విద్యుత్తు ప్రకటనలు చెప్పవచ్చునట! అనగా, రేపు కొళాయి రాదని చెప్పవచ్చును. ఏల రాదని అడిగి కనుగొని చెప్పరాదు.

ఇట్టి ఏర్పాటు సహజమైనదే యని మన దేశమున పెక్కురు తలంచుచున్నారు. రేడియో యనగా పాట, పత్రిక యనగా వార్త అని విభజించుకొని తృప్తిపడుచున్నారు. రేడియో పుట్టుకను ఎరిగినవారు అట్లు తలంపజాలరు.

అమెరికాలో పిట్సుబర్గు అను నగరము కలదు. బొగ్గును, ఉక్కును దాని ప్రాణములు. మన రామగుండమువలెనే పొగతోను, మసితోను పేరుపొందిన ఊరు. 1920 నవంబరు 2వ తేదీ రాత్రి, ఆ నగరమును ఆనుకొనియున్న తూర్పు పిట్సుబర్గులో, వెస్టింగుహౌసు కంపెనీవారి కార్ఖానా మేడపై వేసిన చిన్న పాకవంటి గదినుండి, ఆ దేశాధ్యక్షుని ఎన్నికలో హార్డింగునకు, కాక్సునకు వచ్చిన ఓట్ల లెక్కలను చదివి వినిపించిరి. యంత్రము బలము నూరు వాట్లు. మన ఇండ్లలో వెలిగిన పాతకాలపు బల్బు బలమెంతయో అంతయే. ఆ లెక్కలను టెలిఫోనులో అందించినది 'పిట్సుబర్గు పోస్టు' అను దినపత్రిక. (పత్రికలవారమైన మాకు ఈ సంగతి చెప్పుకొనుటలో కొంత గర్వము కలదని ఒప్పుకొనవలెను.) ఆ కేంద్రమే కె.డి.కె.ఏ. ప్రపంచమున మొట్టమొదటి రేడియో అదియేనా, కాదా యను వివాదము నేటికిని తీరలేదు. దానితో మనకు పనిలేదు. మనము గమనింపవలసినది వేరొకటి. ఆ కేంద్రము నోరు విప్పినది పాటతో కాదు, వార్తతో. అందును ప్రజలు తమ ఏలికను ఎన్నుకొనిన వార్తతో. తరువాత అది ప్రార్థనలు, ఆటలు, నాటకములు, సంగీతము అన్నియు వినిపించెను. కాలక్రమమున పాటలను ఇతరులకు వదలి, వార్తలు, పురజనులతో సంభాషణలు అను వృత్తిని పట్టుకొని నూరేండ్లు దాటెను. బొగ్గుపట్టణపు కేంద్రము ఒకటి నూరేండ్లు నిలిచినదన్న, ఊరి సంగతి ఊరికి చెప్పినందువలననే నిలిచినదని మా యభిప్రాయము.

అదే 1920లో, ఆ ఎన్నిక జరిగిన ఏడు వారములకు, డిసెంబరు 23వ తేదీన సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడెను. ఆ యూరు బొగ్గు త్రవ్వుచు మాటాడుట నేర్చెను. మన సీమ బొగ్గు త్రవ్వుట మాత్రమే నేర్చెను.

మనకు రేడియో రాకపోలేదు. 1930వ దశకారంభమున హైదరాబాదులో, ఆబిడ్సు దగ్గర చిరాగలీ గల్లీలో, తపాలా తంతిశాఖలో పనిచేయుచుండిన మహబూబలీ యను నతడు 200 వాట్ల యంత్రముతో ఒక కేంద్రమును నెలకొల్పెను. ఒక ఉద్యోగి ఉత్సాహమే దాని మూలధనము. 1935లో నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొని దక్కను రేడియో యని పేరిడెను. 1939లో సరూర్‌నగరున 5 కిలోవాట్ల యంత్రము వెలసెను. ఉర్దూ ప్రధానము; తెలుగు, మరాఠీ, కన్నడములకు ప్రక్కపీటలు. ప్రజలలో అత్యధికులు తెలుగువారైన రాజ్యమున తెలుగునకు దొరకిన మర్యాద అంత! ఇక 1945లో అదే ప్రభుత్వము సింగరేణి కంపెనీ వాటాలలో అధికభాగమును కొనివేసెను. బొగ్గు త్రవ్వు గునపమును, మాట పలుకు మైకును ఒక్క చేతిలోనికి వచ్చినవి. ఆ చేయి ఏమి వినిపింపదలచెనో అదియే ప్రజలు వినిరి.

దాని ఫలితము 1948 సెప్టెంబరులో కనబడెను. 13వ తేదీన భారతసైన్యము సరిహద్దు దాటెను. 17వ తేదీన ప్రధాని లాయక్ అలీ రేడియోలో తన మంత్రివర్గపు రాజీనామాను ప్రకటించెను. నాటి సాయంకాలము ఏడవ నిజాము తానే రేడియో కేంద్రమునకు వచ్చి యుద్ధవిరమణ మాటలు పలికెను. ఇన్నేండ్లు ఏలిన ప్రభువు ఆ దినమున గాని ఆ మైకు ముందు నిలువలేదు. రాజ్యము చేజారిన పిమ్మటగాని ప్రజలతో నేరుగా మాటాడవలెనని తోచకపోవుట, ఏలువారి చేతిలోని రేడియో స్వభావమును తెలుపుచున్నది. 1950 ఏప్రిల్ 1వ తేదీన దక్కను రేడియో ఆలిండియా రేడియోలో కలిసిపోయెను. అప్పటికి పదునారు నెలల ముందే, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమైయుండెను. అంతకుముందు, 1938 నుండి, సర్కారు, సీడెడు జిల్లాలవారికి చెన్నపట్టణపు కేంద్రమే దిక్కు.

స్వతంత్ర భారతమున ఆకాశవాణి చేసిన మేలు చిన్నది కాదు. దానిని మరచుట కృతఘ్నత యగును. పంచాయతీ అరుగుమీద నున్న రేడియో పెట్టెచుట్టు ఊరు ఊరంతయు కూర్చుండి ప్రాతఃకాల వార్తలు వినిన దినములు మేమెరుగుదుము. పన్యాల రంగనాథరావు, కందుకూరి సూర్యనారాయణ, అద్దంకి మన్నారు, జోలెపాళెం మంగమ్మ గారల కంఠములు, వారి ముఖమెట్లుండునో ఎరుగని లక్షల యిండ్లలో బంధువుల కంఠములైనవి. రైతునకు పంట సంగతి, బాలురకు న్యాయపతి రాఘవరావుగారి మాట అందినవి. మా ప్రస్తుత విషయమునకు మిక్కిలి దగ్గరయైనది హైదరాబాదు కేంద్రమువారి కార్మికుల కార్యక్రమము. అందు చిన్నక్క, ఏకాంబరము, రాంబాబు అనువారు ముచ్చటలాడుకొనుచు ఫ్యాక్టరీ పనివాని కష్టసుఖములను నలుగురి యిండ్లలో నడయాడించిరి. గ్రాంథికము వీడి, కూలివాడు మాటాడు మాటతో కూలివాని సంగతి చెప్పుట రేడియోకు సాధ్యమని వారు నిరూపించిరి. ఇట్లు గ్రాంథికమున వ్రాయుచున్న మాకును అది ఎదురాడజాలని సత్యమే.

అయినను ఆకాశవాణి అను పేరును గూర్చి ఒకమాట చెప్పవలెను. పురాణములలో ఆకాశవాణి కంసుని రథము నాపి, అతనికి ఇష్టముకాని మాటను ముఖముమీదనే చెప్పెను. మన ఆకాశవాణి మాత్రము కంసుడు చెప్పుమన్నది దేవకీవసుదేవులకు చెప్పిన దినములు కలవు. 1975 జూన్ 25వ తేదీ రాత్రి ఢిల్లీలో పత్రికల అచ్చుయంత్రములకు విద్యుత్తు నాపివేసిరి. మరునాటి ఉదయము దేశమునకు అత్యవసర పరిస్థితి సంగతి తెలిపినది రేడియో. తెలిపినవారు స్వయముగా ప్రధానమంత్రి. ఆ చేదు అనుభవము పిమ్మట 1978లో వర్గీసు సంఘమువారు స్వతంత్ర సంస్థ కావలెనని నివేదించిరి. 1990లో ప్రసారభారతి చట్టమైనది. అది అమలునకు వచ్చుటకు 1997 వరకు పట్టెను. నడుమ 1995లో సుప్రీముకోర్టువారు వాయుతరంగములు ప్రజల సొత్తని తీర్పు చెప్పిరి. సొత్తు ప్రజలదే, దానిని వేలము వేసిన సొమ్ము ప్రభుత్వమునకు, దానిపై పాట వర్తకునకు, వార్త మాత్రము ఎవ్వరికిని లేదు. ఈ వింత పంపకము ఏ స్మృతియందు కలదో మాకు తెలియదు.

దీనివలన గనుల సీమకు కలుగు నష్టమును ఇక్కడివారు చక్కగా నెరుగుదురు. ఈ సీమలో గనిని బాయి యందురు. మూడు షిఫ్టులలో బాయిదిగువారి యిండ్లలో ఎవరో ఒకరు ఎల్లప్పుడు చెవి యొగ్గియుందురు. 2003 జూన్ 16వ తేదీన గోదావరిఖని 7 ఎల్.ఈ.పి. గనిలోనికి నీరు చొచ్చివచ్చి 17 మంది కార్మికులు బలియైరి. 2022 మార్చి 7వ తేదీన అడ్రియాల గనిలో పైకప్పు కూలి ముగ్గురు మరణించిరి. ఇట్టి గడియలలో లోపలనున్నవారెవరు, పైకి వచ్చినవారెవరు, ఏ ఆసుపత్రికి కొనిపోయిరి అని తల్లులు, భార్యలు గని వాకిటికి పరుగెత్తుచుందురు. నాటి పత్రిక అచ్చైపోయినది. రేపటి పత్రిక రేపుగాని రాదు. చేతిఫోనులలో పేరులేనివాడు వ్రాసినది క్షణములో వందమందికి చేరును. అందు బ్రతికినవాడు చచ్చినట్లును, చచ్చినవాడు బ్రతికినట్లును ఉండవచ్చును. అపుడు ఊరిలో మూడు రేడియో కేంద్రములుండి, మూడును సినిమాపాట వేయుచుండిన ఎట్లుండునో చదువరులు ఊహింతురుగాక!

భూస్వాములగు మా పాఠకులు ఇది కార్మికుల గోడేయని తలంపకుందురుగాక. ఓపెన్‌కాస్టు గనుల అంచున పొలము కలవానికి బొగ్గుధూళి యననేమో, ప్రేలుడునకు గోడ నెర్రె విచ్చుట యననేమో, బావిలో నీరు క్రిందికి దిగుట యననేమో మేము చెప్పనక్కరలేదు. గని త్రవ్వుటకు, విస్తరించుటకు ముందు బహిరంగ విచారణ జరుపవలెనని 2006 నాటి పర్యావరణ ప్రకటన విధించుచున్నది. ముప్పది దినముల ముందు ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయభాషా పత్రికలో నోటీసు వేయవలెను. పత్రికలు చేరనిచోట డప్పు కొట్టించియు, రేడియో మూలమునను చాటింపవలెనని ఆ ప్రకటనయే చెప్పుచున్నది! చట్టము వ్రాసినవానికి రేడియో జ్ఞప్తికి వచ్చెను. కాని ఆ విచారణ ముగిసిన సాయంకాలము రైతు ఏమి అడిగెను, అధికారి ఏమి బదులిచ్చెను అని అదే రేడియో చెప్పబూనిన అది వార్తయగును; వార్తయైన నేరమగును. డప్పునకున్న స్వేచ్ఛ రేడియోకు లేదు.

అధికారులు చెప్పు కారణమును తీసివేయజాలము. నోటిమాట అగ్గివంటిది. 1994లో రువాండా దేశమున ఒక రేడియో కేంద్రము ఒక జాతిని చంపుడని పురికొల్పి ఎంత ఘోరమునకు తోడ్పడెనో లోకమెరుగును. మన నగరములలో కలహములు రేపజూచువారు లేకపోలేదు. రేడియో వినుటకు చదువు రానక్కరలేదు గనుక దాని బలము హెచ్చు, దాని అపాయమును హెచ్చు. ఇంతవరకు సరియే. కాని ఇదే దేశమున ప్రైవేటు టెలివిజనులు ఇరువదినాలుగు గంటలు వార్తలు చెప్పుచున్నవి, పత్రికలు వ్రాయుచున్నవి. ఒకే యజమానికి పత్రికయు, టెలివిజనును, రేడియోయు ఉండవచ్చును. ఉదయము పత్రికలో వ్రాసినదానిని, సాయంకాలము తెరపై చెప్పినదానిని, అతడు రేడియోలో పలుకరాదు. కేకలు వేయు తెరకు లేని యపాయము, మెల్లగా మాటాడు పెట్టెకు మాత్రమెట్లు వచ్చెను? జహీరాబాదు దగ్గర మాచునూరున 2008 నుండి దళిత స్త్రీలు సంగం రేడియోను నడుపుచున్నారు. విత్తనము గూర్చి, వంట గూర్చి, పాట గూర్చి వారు మాటాడిన తీరు చూచి విదేశీయులు మెచ్చుకొనిరి. 2006లో సమాజ రేడియోలను సంఘములకు అనుమతించిన నియమము వారికిని వార్త చెప్పు హక్కు నీయలేదు.

కనుక మేము కోరునది విచ్చలవిడితనము కాదు. కేంద్రమువారు పలికిన ప్రతి మాటను కొన్ని నెలలవరకు భద్రపరుపవలెనని, తప్పు చెప్పిన అదే గంటకు అదే కంఠముతో సవరించుకొనవలెనని, కలహము రేపినవాని మార్గమును న్యాయస్థానము ఎదుట విచారించి రద్దుచేయవలెనని నియమములు పెట్టుడు, మేమును అంగీకరింతుము. పత్రికలవారమైన మేము ఆ నియమములకు వెలుపల నిలిచి యితరులకు హితము చెప్పుటలేదు. అచ్చైన ప్రతి పంక్తికి మాపై దావా వేయవచ్చును. రామగుండపు మూడు మార్గములలో ఒకటినైనను వార్తలకు, సంభాషణకు ప్రత్యేకించి, దానికి వేలపు ధరలో సడలింపు చూపవలెను. పాటలు లాభము తెచ్చును, విలేఖరి ఖర్చు తెచ్చును. సడలింపు లేనిదే వర్తకుడెవ్వడును విలేఖరిని పెట్టుకొనడు. ఆ కేంద్రము సింగరేణి కంపెనీ ప్రకటనలపైననే బ్రతుకు గతి పట్టకుండ చూడవలెను. ఒకప్పటి నిజాము చేతివలె గునపమును మైకును తిరిగి ఒకచోటికి చేరుట మేలుకాదు.

2023 డిసెంబరు 27వ తేదీన సింగరేణి గుర్తింపు సంఘపు ఎన్నిక జరిగెను. ఓటర్లు సుమారు నలువదివేలమంది. లాభాల వాటా, సొంతయింటి కల, వారసులకు కొలువు, గనుల భద్రత అను విషయములపై సంఘములవారు గేటు మీటింగులలో గొంతులు పోగొట్టుకొనిరి. పిట్సుబర్గులో నూరేండ్లక్రితము ఒక నూరు వాట్ల యంత్రము ఏ పని చేసెనో, అదే పనికి ఇంతకన్న తగిన సమయము దొరకునా? ఈ ఎన్నిక మరల వచ్చును. అప్పటికి రామగుండమున మూడు కేంద్రములు వెలసియుండవచ్చును. ఏ బాయిలో ఎవరికెన్ని ఓట్లు వచ్చినవో ఆ రాత్రి వారు చదువవచ్చునా, చదువరాదా? కేంద్ర సమాచారశాఖవారు వేలపు ప్రకటనతోపాటు ఈ ఒక్క ప్రశ్నకు బదులు వ్రాయింపవలెనని కోరుచున్నాము.