పిలుపు సంగతి సరే.. నడక సంగతేంటి?

ఫిజియోథెరపిస్టులు పేరుకు ముందు ‘డాక్టర్’ అని రాసుకోవచ్చా? 2025 సెప్టెంబరులో ఈ వివాదం బాగా ముదిరింది. రాసుకోకూడదంటూ కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 9న లేఖ ఇచ్చి, మర్నాడే వెనక్కి తీసుకుంది. ఆ వాదన ఎటు తేలినా, పక్షవాతంతో మంచాన పడ్డ మనిషికి ముఖ్యం వారి సేవ సకాలంలో అందడం.

పక్షవాతంలో చనిపోయిన మెదడు కణాలు తిరిగి రావు. అయితే మెదడులోని మిగతా భాగాలు ఆ పనులను కొంతవరకు నేర్చుకోగలవు. కుర్చీలోంచి లేవడం, గ్లాసు పట్టుకోవడం, అడుగు వేయడం.. ఒక్కో పనినీ మళ్లీ మళ్లీ, వందల సార్లు చేయిస్తేనే ఆ నేర్పు వస్తుంది. ఫిజియోథెరపీ అంటే మసాజ్ అనో, కరెంటు పెట్టడం అనో చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ కండరం బలహీనపడింది, ఏది బిగుసుకుంటోంది, కింద పడే ముప్పు ఎంత అన్నది పరీక్షించి, రోగి కోలుకునే తీరునుబట్టి వ్యాయామాలు మారుస్తూ పోవడమే అందులో అసలు పని.

కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. మా వార్డు నుంచి ఇంటికెళ్లిన కొందరు ఆ విలువైన కాలాన్ని పసరు మందులతో, పావురం రక్తం పూతలతో గడిపేసి, చెయ్యి ముడుచుకుపోయాక తిరిగొస్తుంటారు. తప్పంతా వారిదే అనలేం. కూలి మానుకుని, ఆటో మాట్లాడుకుని రోజూ పట్నం రావడం ఎన్ని కుటుంబాలకు సాధ్యం? బీపీ మాత్రలు ఊళ్లోనే దొరుకుతున్నా, వ్యాయామం నేర్పే మనిషి చాలా పల్లెలకు అందుబాటులో లేరు.

2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజియోథెరపీ చదువుకూ, రిజిస్ట్రేషన్‌కూ ఒక పద్ధతి ఏర్పరచింది. మంచిదే. ఇక కావాల్సింది పల్లెలకు దగ్గర్లోని ఆస్పత్రుల్లో పోస్టులు, ఇంటికెళ్లి చూసే ఏర్పాటు. పిలుపు మీద జరిగినంత చర్చ వీటిమీదా జరగాలి.

అప్పటిదాకా మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డిశ్చార్జికి ముందే ఫిజియోథెరపిస్టును చూపించమని అడగండి. ఇంట్లో చేయించాల్సిన వ్యాయామాలు వారి ఎదుటే ఒకసారి చేయించి, ఫోన్లో వీడియో తీసుకోండి. పడిపోయిన చేతిని పట్టుకుని రోగిని లాగి లేపొద్దు, భుజం కీలు దెబ్బతింటుంది. మొదటి 24 గంటల్లో మీ అంతట మీరు లేపి నడిపించొద్దు. ఎప్పుడు మొదలుపెట్టాలో వైద్యులు చెబుతారు. మూడు నెలలు దాటాయని ఆపేయొద్దు, నెమ్మదిగానైనా మెరుగుదల ఉంటుంది.

డిశ్చార్జి కాగితంలో మందులతోపాటు వ్యాయామాలు కూడా రాశారో లేదో చూడండి. లేకపోతే అడగండి. రాయడం మా బాధ్యత.