పాపం పుట్టుకది కాదు

ఒక జాతినంతటినీ పుట్టు దుర్మార్గులుగా లెక్కగట్టి, అందుకు ఆనవాలుగా వాళ్ల ఒంటికి నల్లరంగు పులిమిన కథ ఒకటి నలభై ఏళ్లకు పైగా చెలామణీ అయింది. అమెరికాలో పుట్టిన 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అనే రోల్ ప్లేయింగ్ ఆటలో, భూగర్భంలో బతికే డార్క్ ఎల్ఫ్‌లు అనే కల్పిత జాతి కథ అది. ఆటలో వాళ్లను డ్రౌ అంటారు. ఆ చిత్రణను మార్చుకుంటామని ఆట యజమానులు 2020లో ప్రకటించారు. అప్పటి నుంచి ఆటగాళ్లు రెండు శిబిరాలై వాదులాడుకుంటూనే ఉన్నారు. మార్పు రావలసిందే. ఆలస్యమైనా మంచి దారిలోనే మొదలైంది. ఇప్పుడు మాత్రం దారి తప్పుతోంది. దుర్మార్గాన్ని రక్తంలోంచి తీసి వ్యవస్థలో చూపించాల్సిన ప్రచురణకర్తలు ఆ సమాజాన్నే పుస్తకంలోంచి తీసేస్తున్నారు.

లేని జాతి గురించి ఇంత రభస దేనికని అడిగేవారు ఉంటారు. ఇది చూసి వదిలేసే సినిమా కాదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతుంటే మిగతావారు పాత్రలై నిర్ణయాలు తీసుకుంటారు. ఎదురుపడినవాడితో మాట్లాడాలా, వాడి మీద కత్తి దూయాలా అన్నది ఆ నిర్ణయాల్లో మొదటిది. ఎదుటివాడి పేరు పక్కన రూల్ పుస్తకమే 'చెడ్డవాడు' అని అచ్చువేసి ఇస్తే, మాట్లాడే అవసరమే రాదు.

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఈ ఆటను 1974లో తెచ్చారు. 1977లో వచ్చిన 'మాన్‌స్టర్ మాన్యువల్'లో ఎల్ఫ్‌ల గురించి రాసిన భాగంలో డ్రౌల ప్రస్తావన నాలుగు ముక్కల్లో ముగిసింది. మరుసటి ఏడాది గైగాక్స్ రాసిన సాహసకథల్లో వాళ్లకు పాతాళ నగరం, సాలీడు రూపంలో ఉండే లోల్త్ అనే దేవత, స్త్రీ పురోహితుల పాలన వచ్చాయి. ఈ కల్పనకు మూలం పదమూడో శతాబ్దపు ఐస్‌లాండ్‌లో ఉంది. అక్కడ స్నోరి స్టుర్లుసన్ గ్రంథస్థం చేసిన పురాణాల్లో, భూమి లోపల ఉండే నల్లని ఎల్ఫ్‌ల ప్రస్తావన కనిపిస్తుంది.

పురాణంలో ఉన్నదే తెచ్చారు కదా అన్న సమర్థన ఇక్కడ చెల్లదు. ఎండ సోకని గుహల్లో తరతరాలుగా బతికే ప్రాణులు రంగు కోల్పోయి పాలిపోతాయి. గుహల్లోని చేపలే అందుకు సాక్ష్యం. డ్రౌలు మాత్రం కాటుకలా నల్లబడ్డారు. బ్రిటన్‌లో పుట్టిన 'వార్‌హామర్'లోనూ డార్క్ ఎల్ఫ్‌లు ఉన్నారు. క్రూరత్వంలో ఎవరికీ తీసిపోరు, అయినా తెల్లగా పాలిపోయి ఉంటారు. దుర్మార్గానికి నలుపు తప్పనిసరి కాదని ఆ ఆట ఎప్పుడో చూపించింది. పైగా డ్రౌల సమాజం ఆడవాళ్ల చేతిలో ఉంటుంది. నల్లతోలు, స్త్రీల పెత్తనం, దౌష్ట్యం ఒకే మూటగా కట్టి ఇవ్వడం యాదృచ్ఛికమని ఎవరైనా నమ్మితే అది వారి అమాయకత్వం.

ఆ చిత్రణలో మొదటి బీట పడింది నవలల్లో. ఆర్.ఎ. సాల్వటోర్ 1988లో సృష్టించిన డ్రిజ్ట్ డో'ఉర్డెన్ అనే డ్రౌ వీరుడు పాఠకుల అభిమాన పాత్రల్లో ఒకడయ్యాడు. అతని బాల్యాన్ని చెప్పే 'హోమ్‌ల్యాండ్' 1990లో వచ్చింది. అతడు పుట్టిన మెంజోబెరాన్జన్ నగరంలో మూడో మగబిడ్డను లోల్త్‌కు బలి ఇవ్వడం ఆచారం. డ్రిజ్ట్ మూడోవాడు. అతడు పుట్టిన రాత్రే వాళ్ల వంశం మరో వంశం మీద దాడికి దిగుతుంది. ఆ గొడవలో రెండో అన్న పెద్దన్నను చంపేస్తాడు. దాంతో లెక్క మారి పసివాడు బతికిపోతాడు. ఒక వంశం మరో వంశాన్ని తుడిచిపెట్టినా, ఫిర్యాదు చేసేందుకు ఆ వంశపు కులీనుల్లో ఒక్కరైనా మిగలకపోతే అక్కడ నేరం జరగనట్టే.

ఈ ఘట్టంలో చెడు ఎక్కడుందో చూడాలి. అది బిడ్డ రక్తంలో లేదు. బలికోరే మతంలో, సాక్షి లేకపోతే నేరమే లేదనే చట్టంలో, అన్నను చంపితే తమ్ముడికి హోదా దక్కే వారసత్వంలో ఉంది. అదే ఊళ్లో ఉంటూ ఆ ఊరిని అసహ్యించుకునే డ్రిజ్ట్ తండ్రి జాక్‌నాఫెయిన్ కూడా డ్రౌనే. ముప్పై ఏళ్ల కిందటే ఒక నవలాకారుడు ఇంత స్పష్టంగా చూపినా, రూల్ పుస్తకాలు మాత్రం డ్రిజ్ట్‌ను మినహాయింపుగా లెక్కేసి పాత పాటే పాడాయి. 'అందరూ చెడ్డవాళ్లే, ఈ ఒక్కడు తప్ప' అనడం ఏ వివక్షకైనా పాత అలవాటే.

2020 మే నెలలో మినియాపొలిస్‌లో పోలీసు మోకాలి కింద జార్జ్ ఫ్లాయిడ్ ప్రాణం పోయాక అమెరికాలోని ప్రతి సంస్థా అద్దంలో చూసుకోక తప్పలేదు. ఆట ప్రచురణకర్త విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ జూన్‌లో ఒక ప్రకటన చేసింది. ఆటలోని మరో జాతి ఓర్క్‌లను, డ్రౌలను వర్ణించిన తీరు నిజ జీవితంలో కొన్ని జాతులను కించపరిచిన తీరును తలపిస్తోందని ఒప్పుకుంది. అదే నెలలో నెట్‌ఫ్లిక్స్ 'కమ్యూనిటీ' అనే హాస్య ధారావాహికలో 2011 నాటి ఒక ఎపిసోడ్‌ను తొలగించింది. అందులో ఒక పాత్ర డ్రౌ వేషమంటూ ముఖానికి నల్లరంగు పూసుకుని వస్తుంది. కల్పిత జాతికి, నిజం మనుషులకు సంబంధం లేదని వాదించేవారు ఆ ముఖాన్ని ఒకసారి చూడాలి.

తరువాతి మార్పులు త్వరత్వరగా జరిగాయి. సాల్వటోరే 2021లో 'స్టార్‌లైట్ ఎన్‌క్లేవ్' రాసి, ఉత్తరపు మంచుసీమలో లోల్త్‌ను కొలవని డ్రౌల నగరాన్ని చూపించాడు. 2024 నాటి కొత్త 'ప్లేయర్స్ హ్యాండ్‌బుక్'లో డ్రౌ ఎంచుకుంటే దుష్టత్వం వెంట రాదు. ఇంతవరకూ మెచ్చుకోదగిందే. ఆ తరువాత 2025 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త 'మాన్‌స్టర్ మాన్యువల్'లో డ్రౌల పుటలే కనిపించలేదు. వాళ్లకు బదులు ఏ జాతికైనా సరిపోయే పూజారి, మాంత్రికుడు, యోధుడు ఉన్నారు. పోటీ ఆట 'పాత్‌ఫైండర్' ప్రచురణకర్త పైజో ఇంకో అడుగు ముందుకేసింది. 2023 జనవరిలో 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' నియమాలను ఇతర ప్రచురణకర్తలు వాడుకునే లైసెన్సుపై గొడవ రేగాక, తన ప్రపంచంలోంచి డ్రౌలను పూర్తిగా తీసేసింది. న్యాయపరమైన చిక్కు నిజమే కావచ్చు. అయినా డార్క్ ఎల్ఫ్‌లు ఏ కంపెనీ సొత్తూ కారు. స్నోరి వారసత్వం అందరిదీ. పేరు మార్చి, మెరుగైన సమాజాన్ని కట్టుకునే అవకాశం పైజోకు ఉంది. ఆ కష్టం పడలేదు.

కష్టపడితే ఏమవుతుందో వేరే ఆటలు చూపించాయి. బెథెస్డా 2002లో తెచ్చిన 'మోరోవిండ్'లో డార్క్ ఎల్ఫ్‌లను డన్మర్ అంటారు. బూడిద రంగు ఒళ్లు, ఎర్రని కళ్లు. వాళ్లకు పాలక వంశాలున్నాయి, దేవాలయముంది, ఆ దేవాలయాన్ని లెక్కచేయని సంచార తెగలున్నాయి. తోటలలో పిల్లిముఖం ఖాజీట్లను, బల్లిజాతి ఆర్గోనియన్లను బానిసలుగా వాడుకునే భూస్వాములు ఉన్నారు. ఆ బానిసలను దొంగచాటుగా విడిపించే రహస్య సంఘమూ అక్కడే ఉంది. కథలో రెండు వందల ఏళ్లు గడిచి 2011 నాటి 'స్కైరిమ్'కు వచ్చేసరికి అగ్నిపర్వతం బద్దలై డన్మర్‌లు కాందిశీకులవుతారు. ఆటగాడు విండ్‌హెల్మ్ నగర ద్వారం దాటగానే ఇద్దరు స్థానికులు ఒక డన్మర్ మహిళను అడ్డగించి, శత్రువులకు గూఢచారివంటూ తిడుతుంటారు. వాళ్లు వెళ్లిపోయాక, నువ్వూ మా వాళ్లను ద్వేషించేవాడివేనా అని ఆమె ఆటగాడినే అడుగుతుంది. ఒకనాటి బానిస యజమానుల సంతతి ఇప్పుడు మురికివాడలో తలదాచుకుంటోంది. మంచి చెడ్డల ముద్రతో ఈ చరిత్రను చెప్పడం కుదరదు.

బెల్జియంకు చెందిన లేరియన్ స్టూడియోస్ 2023లో విడుదల చేసిన 'బాల్డర్స్ గేట్ 3' కూడా ఆ దారిలోనే నడిచింది. అందులో లోల్త్ భక్తులైన డ్రౌలు, ఆమెను వదిలేసినవారు వేర్వేరు. ఎవరిని ఎంచుకున్నా, మిగతావారి దారి అడ్డగించే గాబ్లిన్లు డ్రౌను చూడగానే వెనక్కి తగ్గుతారు. వ్యక్తి ఎవరైనా జాతికున్న పేరే ముందు నడుస్తుందని ఆటగాడికి అనుభవంలోకి వస్తుంది. ఇక్కడ దురభిమానం ఆట నియమం కాదు, కథావస్తువు.

తెలుగు పాఠకుడికి ఈ వాదం పరాయిది కాదు. 1977 'మాన్‌స్టర్ మాన్యువల్'లో డ్రౌల పక్కనే మన రాక్షసుడూ ఉన్నాడు. పులి తల తగిలించి, చేతిలో పొగతాగే గొట్టం పెట్టి బొమ్మ వేశారు, దుష్టుడన్న ముద్ర కొట్టారు. ప్రహ్లాదుణ్నీ విభీషణుణ్నీ కన్న వంశాల సంగతి ఆ పుటకు అక్కరలేకపోయింది. మన దగ్గర త్రిపురనేని రామస్వామి చౌదరి నుంచి రంగనాయకమ్మ వరకు రచయితలు పురాణాలను ఓడినవారి వైపు నుంచి తిరగ చదివారు. వాళ్లతో ఏకీభవించినవారున్నారు, మండిపడ్డవారున్నారు. అయితే ఎవరూ రాక్షసుల అధ్యాయాన్ని చించేసి సమస్య తీరిందనుకోలేదు.

దుష్టులు లేకపోతే ఆట చప్పబడుతుందన్న ఆటగాళ్ల గోడు పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. దుష్టులు ఉండాలి. బిడ్డలను బలి ఇచ్చే పురోహితురాలు, సాక్షులను మిగల్చని వంశం, వాళ్లను కాపాడే చట్టం ఉండాలి. వాళ్లను ఎదిరించే డ్రౌలూ అదే నగరంలో, అదే పుటల్లో ఉండాలి. మంచివాళ్లంతా ఎక్కడో మంచుసీమలో ఉన్నారని చెప్పి ఊరుకుంటే చాలదు. విజార్డ్స్ సంస్థ డ్రౌల నగరాలకు వాటి రాజకీయంతో, మతంతో, తిరుగుబాటుతో సహా మళ్లీ పుటలు కేటాయించాలి. పైజో తన సొంత డార్క్ ఎల్ఫ్ సమాజాన్ని నిర్మించాలి. నలభై ఏళ్లకు పైగా అమ్ముకున్న తప్పును దిద్దే పని పుటలు ఖాళీ చేసినంత మాత్రాన పూర్తయినట్టు కాదు.