వేడి వేరు, సెగ వేరు

ఎండాకాలాన్ని గురించి చెప్పుకోడానికి తెలుగువాడికి మాటల కరువు లేదు. వేడి అంటాం, సెగ అంటాం, ఉక్క అంటాం, వడగాడ్పు అంటాం. ఒకదాని బదులు ఇంకొకటి వాడితే పల్లెటూళ్ళో ముసలమ్మలు నవ్వుతారు. ధర్మామీటరుకు మటుకు ఇన్ని మాటలు రావు. దానికి వచ్చిందల్లా ఒక్క అంకె. ఇంట్లోనూ బయటా ఆ అంకె ఒకటే అయితే రెండు చోట్లా ఒకేమాదిరి వుండాలి గదా అని మనవాళ్ళు తగువుకు దిగుతారు.

అటువంటి తగువులో నేనొకసారి సాక్షిగా నిలబడవలసి వచ్చింది. బెజవాడలో నేను అద్దెకున్న ఇంటి పైభాగంలో రిటైరైన లెక్కల మాస్టారొకాయన, ఆయన తల్లీ వుండేవారు. ఆవిడకు ఎనభై దాటాయి. మే నెల, రాత్రి తొమ్మిది గంటలు. డాబామీద మంచం వెయ్యమని ఆవిడ. గదిలోనే పడుకోమని ఈయన.

"గదిలో 36, డాబామీదా 36. ఇప్పుడే చూసివచ్చానమ్మా. ఎక్కడ పడుకుంటేనేం? ఈ వయసులో మెట్లమీద కాలు జారితే?" అన్నారు మాస్టారు.

"నీ అంకెలు నాకెందుకురా నాయనా! ఈ స్లాబు కింద పడుకుంటే పెనం నెత్తిమీద బోర్లించినట్టుంది" అన్నదావిడ.

నేను ముసలమ్మగారి పక్షం చేరాను. పెద్దావిడ గదా అని కాదు. సైన్సు ఆవిడవైపు వున్నది గనుక.

ధర్మామీటరు చెప్పేది తన చుట్టూ వున్న గాలి సంగతి. మన ఒంటికి కావలసింది అది కాదు. ఊరికే కూర్చున్నా మన ఒంట్లో సుమారు 100 వాట్ల వేడి పుడుతూ వుంటుంది, పాతకాలపు బల్బు ఒకటి వెలిగినట్టు. అది బయటికి పోతున్నదా లేదా అన్నదే ఒంటి లెక్క. వేసవిలో మన చర్మం 35 డిగ్రీల దరిదాపుల్లో వుంటుంది. చుట్టూ వున్న గోడలు, కప్పు అంతకన్న చల్లగా వుంటే మన సెగ వాటికి పోతుంది. అవే ఎక్కువ వేడిగా వుంటే వాటి సెగ మనకు తగులుతుంది. మధ్యనున్న గాలి దీనికి అడ్డం రాదు. పొయ్యిముందు కూర్చున్నవాడికి మొహం కాలుతుంది, వీపు కాలదు. గాలి రెండువైపులా ఒకటే గదా!

అయిదంగుళాల స్లాబు మధ్యాహ్నం మింగిన ఎండ లోపలివైపుకు దిగేసరికి పొద్దు గూకుతుంది. అందుచేత రాత్రి గదిలో గాలి 36 అయినా, కప్పు 40 పైన వుండవచ్చు. డాబామీద పడుకున్నవాడికి కప్పు ఆకాశమే. మబ్బులేని రాత్రి ఆకాశం, సెగ లెక్కలో చూస్తే, గాలికన్న బాగా చల్లని కప్పు. ఒంటి వేడి అటు పోతుంది. పైగా కాస్త గాలి తగిలి చెమట ఆరుతుంది. మబ్బు పట్టినా, గాలిలో తేమ ఎక్కువైనా ఈ లాభం తగ్గుతుందనుకోండి.

"డాబా కూడా కాలుతూనే వుంటుంది గదండీ?" అన్నారు మాస్టారు. మంచి ప్రశ్నే. పైముఖం ఆకాశానికి ఎదురుగా వుంటుంది గనుక త్వరగా చల్లారుతుంది. మిగిలిన దానికి రెండు బక్కెట్ల నీళ్ళు చాలు. నీళ్ళు చల్లాం. మెట్లమీద ఆవిడను చెరోచెయ్యీ పట్టుకుని ఎక్కించాం.

పుష్యమాసంలో ఇదే తలకిందులవుతుంది. ఇంట్లో 20, బయటా 20. అయినా తాతగారు పొద్దున్నే అరుగుమీద ఎండలోనే కూర్చుంటారు. లోపల చల్లని గచ్చు, గోడలు ఆయన వేడి లాక్కుంటాయి. బయట సూర్యుడు సెగ ఇస్తాడు.

వాతావరణశాఖవారు ఎండ తగలని, గాలి ఆడే తెల్లని పెట్టెలో ధర్మామీటరు పెట్టి కొలుస్తారు. ఆ పెట్టెను రూపొందించినవాడు థామస్ స్టీవెన్సన్, 'ట్రెజర్ ఐలండ్' రాసిన స్టీవెన్సన్‌కు తండ్రి. ఊరూరికీ పోల్చి చూడడానికి అది సరైన పద్ధతే. కాని పత్రికలో 43 అని పడితే అది నీడలో 43 అని గుర్తుంచుకోవాలి. మిట్టమధ్యాహ్నం సూర్యుడు నేలమీద చదరపు మీటరుకు 1,000 వాట్లదాకా కుమ్మరిస్తాడు. రోడ్డుమీద తారుపోసే కూలీకి ఆ 43తో ఏం పని?

సెగను కొలవడానికి వేరే సాధనం వున్నది. ఆరంగుళాల బోలు రాగి గోళానికి నల్లరంగు పూసి, నడుమ ధర్మామీటరు పెడతారు. ఉక్కను కొలవడానికి ఇంకొక ధర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుడతారు. అమెరికాలో మెరైన్ల శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్ళు వడదెబ్బకు కూలిపోతుంటే 1950ల్లో ఈ మూడింటినీ కలిపి ఒక లెక్క కట్టారు. ఆరుబయట తడిగుడ్డకు నూటికి 70 పాళ్ళు, నల్లగోళానికి 20. మామూలు ధర్మామీటరుకు దక్కింది 10!

ఇది మాటవరసకు చెప్పుకునే సంగతి కాదు. 2015 వేసవిలో దేశంలో 2,000 మందికి పైగా వడదెబ్బకు చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆంధ్ర, తెలంగాణలవారే. వడదెబ్బ ఎండలో తిరిగేవాళ్ళకేనని చాలామంది నమ్మకం. రేకుల కప్పుకింద తలుపు వేసుకుని పడుకున్న ముసలివాళ్ళకు ఇంట్లోనే తగులుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానమంటూ ఒకటి తెచ్చింది. మన పెద్దలు మిద్దెకు సున్నం కొట్టినట్టే, ఎండను వెనక్కు కొట్టే తెల్లపూత కప్పుకు వేయించడం అందులో ముఖ్యమైన సంగతి.

ఇక ఫాను. అది గాలిని చల్లబరచదు, చెమటను ఆర్పుతుంది, అంతే. గాలి 40 దాటితే దానిమీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు చెబుతున్నారు. అప్పుడది ఒంటికి వేడిని తెచ్చిపోస్తుంది. ముసలివాళ్ళకు చెమట తక్కువ గనుక వాళ్ళకు ఇంకా ముందే పనిచెయ్యడం మానుతుంది. వాళ్ళ చేతులు, మెడ, పాదాలు తడిగుడ్డతో గంటకు రెండు మూడుసార్లయినా తుడుస్తూ వుండండి. చెమట చెయ్యవలసిన పని ఆ నీళ్ళు చేస్తాయి.