ఫైలు పోయింది సరే, చేరిందా?

ఈసారి కూడా పొడుగ్గానే రాస్తా ఉండాను, ఓపిగ్గా చదవండి.

పోయిన మీటింగులో గ్రూపు ఇన్సూరెన్సు మాట వచ్చింది కదా. మన మెంబర్ల లిస్టును వాళ్ళ పెద్ద కంప్యూటరుకు పంపే దావ తయారైందని, యూజర్ పేరు, పాస్‌వర్డు వచ్చినాయని, టెస్టు ఫైలు కూడా పోయిందని పిల్లోళ్ళు చెప్పినారు. అందరూ చప్పట్లు కొట్టినారు. నేను కొట్టలేదు. "ఈయప్పకు రైల్వే బుద్ధి ఇంకా పోలేదు" అని ఎవరో అన్నారంట. నిజమే, పోలేదు.

లెవెల్ క్రాసింగు గేటు సంగతి చెప్తాను. బండి వస్తా ఉండాది, గేటు వెయ్యి అని స్టేషన్ మాస్టరు ఫోన్లో చెప్తాడు. చెప్పినంత మాత్రాన పని తీరదు. గేటు వేసినాక గేటుమ్యాన్ తన దగ్గరుండే ప్రైవేట్ నంబరు ఒకటి చెప్పాల. ఆ నంబరు పుస్తకంలో ఎక్కితేనే గేటు పడినట్టు లెక్క. మా గుమాస్తాల పనీ అంతే. కంప్యూటరు సెంటరుకు కాగితాల కట్ట పోతే పైన ఒక చీటీ పెడతాము: ఇన్ని కాగితాలు, మొత్తం ఇన్ని రూపాయలు. అక్కడ వేసిన లెక్క మన లెక్కతో కలిసినాకే సంతకం.

మా అల్లుడు దినమూ అత్తిబెలె దాటి ఎలక్ట్రానిక్ సిటీకి పొయ్యేది ఈ పనికే. ఆయప్పను రెండు ఆదివారాలు కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నాను. బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు చానా వరకు పాత లెక్కలను ఇంకా మెయిన్‌ఫ్రేము అనే పెద్ద మిషన్లలోనే పెట్టుకొని ఉండాయి. వాటికి ఫైళ్ళు పంపే పాత పద్ధతి పేరు ఎఫ్‌టీపీ. దాన్ని 1971లో మొదట రాసింది మనదేశం ఆయనే, అభయ్ భూషణ్. కాన్పూరు ఐఐటీలో మొదటి బ్యాచీ, అప్పుడు అమెరికాలో ఎంఐటీలో ఉన్నాడు.

కనెక్షన్ ఇచ్చేది కష్టం కాదంట. కష్టమంతా అక్షరాల దగ్గర. మన కంప్యూటర్లు ఆస్కీ అనే లెక్కలో అక్షరాలు పెట్టుకుంటాయి, ఐబీఎం మెయిన్‌ఫ్రేములు ఎబ్సిడిక్ అనే లెక్కలో. ఇంగ్లీషు పెద్ద 'ఏ' మన దగ్గర 65, వాళ్ళ దగ్గర 193. అందుకే పంపేటప్పుడు ఇది టెక్స్టా, బైనరీనా అని చెప్పాల. టెక్స్టు అంటే దావలోనే అక్షరాలు మారుస్తాది. మార్చాల్సిన దాన్ని మార్చకుండా పంపితే అంతా చెత్తగా కనబడతాది, ఎవరైనా పట్టుకుంటారు. దానికి భయం లేదు. మార్చకూడని దాన్ని మారిస్తేనే భయం.

అక్కడ రూపాయల లెక్కను జాగా మిగలాలని ఒక గదిలో రెండంకెలు అదిమి పెడతారు. 40 అని అదిమి పెట్టిన గది, వాళ్ళ లెక్కలో ఖాళీ జాగా గుర్తు మాదిరే ఉంటాది. టెక్స్టు అని తెప్పిస్తే మిషను దాన్ని ఖాళీ జాగా అనుకొని మన ఖాళీ జాగా గుర్తుగా మార్చేస్తాది. అది 20. పేర్లు సరిగ్గా ఉంటాయి, మెంబర్ల సంఖ్య సరిగ్గా ఉంటాది, నలభై ఇరవై అయిపోయి ఉంటాది! ఇది విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇంక మన పేర్ల మాట. నేను చదివింది అరవంలోనే, ఆ బాసను తక్కువ చేసే పని నాకు లేదు. అరవానికి ఆ అక్షరాలు చాలు, మన పేర్లకు చాలవు. క, ఖ, గ, ఘ నాలుగిటికీ ఒకటే అక్షరం. ప, బ, భ కూ అంతే. రేషన్ కార్డులో అరవంలో ఎక్కిన పేరును యాడో ఒకరు ఇంగ్లీషులో కొడతారు. గోపాలప్ప కోపాలప్ప అవుతాడు, భాగ్యమ్మ పాకియమ్మ అవుతాది. నవ్వులాటకు బాగుంటాది. మా చిన్నమ్మకు చిన్నాయన పోయినాక ఫ్యామిలీ పెన్షను నాలుగు నెలలు నిలిచిపోయింది. ఒక కాగితంలో ఒక పేరు, ఇంకో దాంట్లో ఇంకో పేరు. తప్పు ఎవరిదీ కాదన్నారు ఆ ఆఫీసులో. ఆయమ్మ నాలుగు నెలలు నా చెయ్యి పట్టుకొని మెట్లు ఎక్కింది, దిగింది.

తప్పుంటే సిస్టమే తిప్పి పంపుతాది అంటారు పిల్లోళ్ళు. తిప్పి పంపేది దానికి తెలిసిన తప్పునే. తేదీ ఉండాల్సిన చోట పేరుంటే పట్టుకుంటాది. కోపాలప్ప కూడా పేరే కదా, అది ఎట్ల పట్టుకుంటాది? తరువాత దిద్దుకుందామంటే, ఇన్సూరెన్సులో ఆ తరువాత అనేది మనిషి పోయినాక వస్తాది. అప్పుడు కిటికీ ముందర నిలబడేది ఆయన పెండ్లాం.

కాబట్టి నా మాట ఇది. ఫైలు పంపినాక వాళ్ళ మిషన్లో ఎక్కిన లిస్టును తిరిగి తెప్పించండి. ఎన్ని పేర్లు, చందా మొత్తం ఎంత, మన పుస్తకంతో కలపండి. కలిసేంతవరకు కమిటీ సంతకం చెయ్యకూడదు. ఇంకొకటి, ఆ పాస్‌వర్డును ఎవరో మన వాట్సాప్ గ్రూపులోనే పెట్టినారు. ఈ పొద్దే దాన్ని మార్చండి అప్పా! పాత ఎఫ్‌టీపీలో పాస్‌వర్డు మూత లేకుండా పోతాదంట, మూత ఉండే ఎస్ఎఫ్‌టీపీ అడగండి అన్నాడు మా అల్లుడు.

పేర్ల పని మిషనుతో కాదు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు జూజువాడిలో మా ఇంటి తిన్నె మీద లిస్టు పెట్టుకొని కూర్చోనుంటాను. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం మూడూ తీసుకొని రండి. మీ పేరు, మీ నామినీ పేరు మీరే చదువుకొని వేలు పెట్టి చూపించండి. చదువు రాని పెద్దోళ్ళను పిలుచుకొని రండి, నేను చదివి వినిపిస్తాను. మా ఇంట్లో కాఫీ ఉంటాది.