శిబిరాలు ముగిసినా ముగియని వేదన

ఏ విపత్తు సంభవించినా అధికార యంత్రాంగం లెక్కలు ఒకే వరుసలో సాగుతాయి. మృతులు, క్షతగాత్రులు, కూలిన ఇళ్లు, చనిపోయిన పశువులు, మునిగిన పంటలు. వీటన్నిటికీ సహాయ నిబంధనలలో ఒక మొత్తం నిర్ణయమై ఉంది. మృతుని కుటుంబానికి 4 లక్షల రూపాయలు, అవయవాలు కోల్పోయినవారికి వైకల్య శాతాన్ని బట్టి పరిహారం లభిస్తాయి. కానీ కళ్లెదుటే బిడ్డ కొట్టుకుపోగా రాత్రిళ్లు నిద్రపట్టని తల్లికి జరిగిన నష్టాన్ని శాతాలలో లెక్కగట్టడం సాధ్యం కాదు. లెక్కకు అందని కారణంగానే ఈ నష్టం సహాయక చర్యల జాబితాలో చివరన మిగిలిపోతున్నది.

1984 డిసెంబరులో భోపాల్ విషవాయు దుర్ఘటన ఈ సమస్యను వైద్యుల ముందుకు తెచ్చింది. ఊపిరితిత్తుల, కళ్ల జబ్బులతో ఆసుపత్రులకు వచ్చినవారిలో అనేకులు దిగులు, భయం, నిద్రలేమితోనూ బాధపడుతున్నట్లు వెల్లడైంది. మానసిక వైద్యుల కొరత తీవ్రంగా ఉండటంతో బెంగుళూరులోని నిమ్‌హాన్స్ నిపుణులు అక్కడి సాధారణ వైద్యాధికారులకే ఈ విషయంలో శిక్షణ ఇవ్వవలసి వచ్చింది.

1999 అక్టోబరు 29న ఒరిస్సాను కుదిపివేసిన పెను తుపాను దాదాపు 10 వేల మందిని బలిగొన్నది. ఏడాది గడిచిన తరువాత అక్కడ 447 మంది బాలబాలికలను పరిశోధకులు పరీక్షించగా, సుమారు 30 శాతం మందిలో ఆనాటి భీతి మానసిక రుగ్మతగా స్థిరపడినట్లు తేలింది. అప్పటికి సహాయక శిబిరాలు ఎత్తివేశారు, విలేఖరులు, స్వచ్ఛంద కార్యకర్తలు చాలావరకు వెళ్లిపోయారు. విపత్తులలో మానసిక సహాయానికి సంబంధించిన అసలు చిక్కు ఇదే. సహాయం అందే కాలం వేరు, అవసరం బయటపడే కాలం వేరు.

ఈ అంతరాన్ని పూడ్చడం అసాధ్యమేమీ కాదని అదే ఒరిస్సా నిరూపించింది. 'స్నేహ కర్మీలు' పేరిట శిక్షణ పొందిన స్థానికులు బాధిత కుటుంబాలను కలుసుకుంటూ, వారి మాటలు వింటూ, పింఛన్లు, పత్రాలు సమకూర్చుకోవడంలో కూడా తోడ్పడ్డారు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ అనంతరం తమిళనాడు తీరంలో చెన్నైకి చెందిన 'స్నేహ' సంస్థ కార్యకర్తలు ఆప్తులను కోల్పోయినవారిని క్రమం తప్పక పలకరించారు. అటువంటి పలకరింపునకు నోచుకోని వారితో పోల్చిచూస్తే వీరిలో మానసిక క్షోభ తగ్గినట్లు ఆ కార్యక్రమ మదింపులో వెల్లడైంది. వీరెవరూ మానసిక వైద్యులు కాకపోవడం గమనార్హం.

అయితే బాధితులను చుట్టుముట్టి జరిగినదంతా చెప్పమని ఒత్తిడి చేయడం మేలు చేయదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తున్నది. భద్రత, తిండి, ఆత్మీయుల ఆచూకీ, వినదలచినప్పుడు వినే ఒక మనిషి అనేవే తొలి చికిత్స. ఆ దృష్టితో చూస్తే పాలనాపరమైన నిర్ణయాలకు కూడా మనసుపై ప్రభావం ఉంటుంది. 1993 లాతూరు భూకంపం తరువాత అనేక గ్రామాలను వేరొక చోట, పట్టణపు కాలనీల తీరున నిర్మించారు. ఇళ్లు దృఢంగా ఉన్నా పాత ఇరుగుపొరుగు చెదిరిపోయింది. 2024 జులై 30న వయనాడులో కొండచరియలు విరిగిపడిన ఘటనలో గల్లంతైనవారిని మృతులుగా పరిగణించాలని కేరళ ప్రభుత్వం 2025 జనవరిలో నిర్ణయించింది. సాధారణ చట్టం ప్రకారం అందుకు ఏడేళ్లు ఎదురుచూడాలి. శవమూ దొరకక, పరిహారమూ అందక, కర్మకాండ జరపాలో వద్దో తెలియని కుటుంబాలకు ఆ ఉత్తర్వు కొంత ఊరట.

ఈ విషయంలో మార్గదర్శక సూత్రాలకు కొదవ లేదు. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ 2009 డిసెంబరులోనే వాటిని ప్రకటించింది. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 700కు పైగా జిల్లాలకు విస్తరించింది. 2022 అక్టోబరులో 14416 నంబరుతో 'టెలీ మానస్' సేవ మొదలైంది. కానీ 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం సాధారణ పరిస్థితులలోనే మానసిక రోగులలో అత్యధికులకు చికిత్స అందడం లేదు. వివిధ రుగ్మతలలో ఈ కొరత 70 నుంచి 92 శాతం వరకు ఉన్నది. మామూలు రోజులలో లేని వ్యవస్థ విపత్తు నాడు హఠాత్తుగా పుట్టుకురాదు.

కనుక చేయవలసినది విపత్తుకు ముందే చేయాలి. తుపానులు తాకే తీర గ్రామాలలో ఆశా కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు ముందుగానే శిక్షణ ఇచ్చి, కనీసం రెండేళ్లపాటు బాధితులను వెన్నంటి ఉండే బాధ్యతను, అందుకు కావలసిన నిధులను పునరావాస ప్రణాళికలోనే చేర్చడం ఉత్తమం. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను ఎరిగిన తెలుగువారికి దీని అవసరాన్ని వేరుగా వివరించనక్కరలేదు. నీరు తీసిన తరువాత కూడా ఆ రాత్రి మనుషులను వదలదు.