ఢిల్లీ లేఖ: పేకముక్కలపై పార్లమెంటు తీర్పు

2025 ఆగస్టు 20న లోక్‌సభ, 21న రాజ్యసభ, 22న రాష్ట్రపతి ఆమోదం. ఆన్‌లైన్ క్రీడల ప్రోత్సాహక, నియంత్రణ బిల్లు చట్టరూపం దాల్చుటకు మూడు దినములు సరిపోయినవి. ఎలక్ట్రానిక్స్ శాఖ మంత్రి అశ్వినీ వైష్ణవ్ ప్రవేశపెట్టిన నాడే, ప్రతిపక్షాల కోలాహలం నడుమ, దిగువ సభ దానిని ఆమోదించినది. బిల్లు పేరులో ప్రోత్సాహం ముందున్నది గాని, డబ్బు పెట్టి ఆడే ఆటల పాలిట అది నిషేధమే. నైపుణ్యమా, అదృష్టమా అన్న విచక్షణను సైతం చట్టం తోసిపుచ్చినది.

పోకర్ ఆడదలచినవాడు ఎక్కడ ఆడవలెనన్న ప్రశ్నకు అంతవరకు రాష్ట్రానికొక సమాధానం ఉండేది. అందరికంటె ఉదారమైన సమాధానం కలకత్తాది. పశ్చిమ బెంగాల్ 1957లో చేసిన జూద నిరోధక చట్టం బ్రిడ్జి, పోకర్, రమ్మీ, నాప్ వంటి పేకాటలను పేరు పెట్టి మరీ జూదమనే నిర్వచనం నుండి మినహాయించినది. నాటి శాసనకర్తలలో క్లబ్బు సభ్యులు ఎందరుండిరో గాని, పోకర్‌కు ఇంతటి స్పష్టమైన రక్షణ దేశంలో అరుదు. మన ప్రాంతపు చరిత్ర మరొక విధంగా నడిచినది. సికిందరాబాదు క్లబ్బు ఒకదానిపై వచ్చిన సత్యనారాయణ కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడినదని సుప్రీంకోర్టు 1967లో తీర్పు చెప్పినది. దేశమంతటా క్లబ్బులకు ఆ తీర్పే కవచమైనది. అటువంటి ఆటలకు ఉన్న మినహాయింపును తెలంగాణ 2017లోను, ఆంధ్రప్రదేశ్ 2020లోను తొలగించినవి. అందుచేత ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు రైల్వే ఉద్యోగికి నిర్దోషమైన ఆట, బెజవాడలోని అతని తమ్మునికి నేరమైనది.

పోకర్‌లో నైపుణ్యం లేదనుట సత్యదూరం. చేతిలోని ముక్కల బలాబలాలు, ఎదుటివాని పందెపు తీరు, ఎప్పుడు విరమించవలెనన్న వివేకం దీర్ఘకాలంలో ఫలితాన్ని నిర్ణయిస్తవి. అయితే నైపుణ్యం గలవాడు గెలుచునంటే, లేనివాడు ఓడుననియే గదా అర్థం! న్యాయస్థానాలలో నైపుణ్యవాదం వినిపించిన న్యాయవాదులు ఈ రెండవ సగాన్ని ప్రస్తావించరు. గెలుపు ఎవరిదైనను నిర్వాహకుడు ప్రతి పందెపు రాశి నుండి తన వంతు మినహాయించుకొనును. గెలిచినవాడు ఆ వంతుతో పాటు, 2023 ఏప్రిల్ నుండి నికర లాభంపై మూలంలోనే 30 శాతం పన్ను సమర్పించుకొన్నాడు. కొత్తవారు నిత్యం వచ్చి ఓడుచుండకపోతే ఈ వ్యాపారం నిలువదు.

కలకత్తాలో బయటపడిన ఉదంతం ఇంకను ఘోరమైనది. 2022 సెప్టెంబరులో గార్డెన్‌రీచ్‌లోని ఒక ఇంటిపై ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ దాడి జరుపగా 17 కోట్ల రూపాయలకు పైగా నగదు దొరికినది. అది పోకర్ కాదు, ‘ఈ-నగ్గెట్స్’ అనే మొబైల్ ఆట. దర్యాప్తు సంస్థ చెప్పిన ప్రకారం మొదట ఆటగాళ్లకు గెలిచిన సొమ్ము చిక్కు లేకుండ చేతికి వచ్చేది. నమ్మి పెద్ద మొత్తాలు పెట్టిన పిదప, ఏదో మిషతో చెల్లింపులు నిలిచిపోయినవి. ఆటగాళ్ల వివరాలు సైతం చెరిపివేయబడినవి. చిన్న మొత్తం సులభంగా తిరిగి వచ్చినంత మాత్రాన ఆ సంస్థ నమ్మదగినది కాదని ఇంతకంటె వేరే నిదర్శనం అవసరమా?

కేంద్రం వాదన అంకెలతో కూడినది: 45 కోట్ల మంది, 20,000 కోట్ల నష్టం. తలా పంచితే 450 రూపాయలైనా కాదు. సగటు ఎంత మోసకారి! అత్యధికులు వదులుకొన్నది స్వల్పమే కావచ్చు; అప్పుల పాలైన కుటుంబాల లెక్క ఆ సగటులో కానరాదు. నిషేధానికి బలమైన కారణం ఆ కుటుంబాలే. ఐనను ఇదే ప్రభుత్వం 2023 అక్టోబరు నుండి ఇవే ఆటలలో పెట్టే సొమ్ము మొత్తంపై 28 శాతం జీఎస్టీ విధించి, రెండేండ్లయినా నిండకమునుపే వాటిని నేరమనుట విడ్డూరం. పందెము, జూదము రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో రాష్ట్రాల జాబితాకు చెందినవన్న అభ్యంతరం సైతం తేలికగా త్రోసివేయదగినది కాదు. హైదరాబాదు సంస్థ హెడ్ డిజిటల్ వర్క్స్ మొదట కర్ణాటక హైకోర్టుకెక్కినది. వివిధ హైకోర్టులలోని పిటిషన్లను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తనకు బదిలీ చేసుకొన్నది.

ఆట నిర్వహించినవారికి మూడేండ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. సొమ్ము బదిలీ చేసిన బ్యాంకులకును ఇంచుమించు అదే గతి. ఆటగాడికి మాత్రం శిక్ష లేదు. ఇది సబబే. కాని స్వదేశీ సంస్థలు తలుపులు మూసిన పిమ్మట అలవాటు పడిన ఆటగాడు ఏ ద్వీపంలోనో నమోదైన సంస్థ గుమ్మం ఎక్కితే, మోసపోయిన నాడు అతని మొర ఆలకించేదెవరు? ఈ-నగ్గెట్స్ వ్యవహారం బయటపడుటకు మూలం 2021లో పార్క్‌స్ట్రీట్ పోలీస్‌స్టేషనులో ఒక బ్యాంకు ఇచ్చిన ఫిర్యాదు. అప్పటికే ఆ సొమ్ములో కొంత భాగం క్రిప్టో కరెన్సీగా మారి సరిహద్దు దాటినది. ఆ మార్గానికి బ్యాంకుతో పని లేదు.