బొగ్గు మీద పన్ను పెరిగిందా, తగ్గిందా?

జీఎస్‌టీ మండలి అధ్యక్షురాలు, కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారికి, మండలి సభ్యులైన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆర్థిక మంత్రులు పయ్యావుల కేశవ్ గారికి, భట్టి విక్రమార్క గారికి,



2025 సెప్టెంబరు 22న బొగ్గు మీద జీఎస్‌టీని 5 శాతం నుంచి 18 శాతానికి పెంచారు. కాలుష్యానికి ఇన్నాళ్లకు గట్టిగా పన్ను పడిందని సంబరపడినవాళ్లు ఉన్నారు. టన్నుకు 400 రూపాయల పరిహార సెస్సు కూడా అదే రోజు రద్దయింది. రెండూ కలిపి చూస్తే లెక్క తిరగబడుతుంది.

టన్ను వెయ్యి రూపాయలు చేసే బొగ్గునే తీసుకోండి. పాత పద్ధతిలో జీఎస్‌టీ 50, సెస్సు 400, వెరసి 450 రూపాయలు. ఇప్పుడు 180. టన్ను ధర సుమారు 3,077 రూపాయలు దాటితే తప్ప కొత్త పన్ను పాతదాన్ని మించదు. పైగా బొగ్గు ఎంత నాసిరకమైతే ధర అంత తక్కువ. అలాంటి బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయాలంటే ఎక్కువ కాల్చాలి, ఎక్కువ బూడిద పోయాలి. థర్మల్ కేంద్రాలున్న ఇబ్రహీంపట్నం, పాల్వంచ చుట్టుపక్కల ఉండేవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. బరువును బట్టి వేసే సెస్సు అటువంటి బొగ్గు మీదే ఎక్కువ పడేది. ధరను బట్టి వేసే పన్ను దానికే ఎక్కువ వెసులుబాటు ఇస్తోంది. విద్యుత్ రంగానికి టన్నుకు సగటున 260 రూపాయల భారం తగ్గుతుందని, యూనిట్‌కు 17-18 పైసలు కలిసొస్తాయని కేంద్రమే ప్రకటించింది. పన్ను తగ్గిందని ప్రభుత్వం దాచలేదు. పత్రికల శీర్షికల్లో మాత్రం పెరిగినట్టే కనిపించింది.

గంధకపు పొగను పట్టే పరికరాల నుంచి చాలా థర్మల్ కేంద్రాలకు మినహాయింపు ఇచ్చింది కూడా అదే ఏడాది జూలైలోనే. రెండు నెలల తేడాతో బొగ్గుకు రెండు రాయితీలన్నమాట.

రద్దయిన బొగ్గు సెస్సు 2010లో ప్రణబ్ ముఖర్జీ బడ్జెట్‌తో టన్నుకు 50 రూపాయలుగా మొదలైంది. ప్రభుత్వం మారినా ఆగలేదు: 2014లో 100, 2015లో 200, 2016లో 400. ఆ సొమ్ముతో స్వచ్ఛ ఇంధన నిధి నడవాలన్నది ఉద్దేశం. 2010 నుంచి 2018 దాకా వసూలైంది 86 వేల కోట్ల రూపాయల పైచిలుకు. అందులో నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. ఖర్చయింది 16 వేల కోట్ల లోపు. 2017లో జీఎస్‌టీ వచ్చాక సెస్సు పేరు మారి, రాష్ట్రాల ఆదాయ నష్టం పూడ్చే పనికి మళ్లింది. ఆ తర్వాత పరిహారపు అవసరం తీరిపోతోంది కాబట్టి సెస్సునూ తీసేశారు. బొగ్గు పొగ తగ్గిందా అన్న ప్రశ్న ఆ నిర్ణయంలో ఎక్కడా లేదు. నా ఫిర్యాదు ఇదే. పన్ను ఉండటం, ఊడటం పొగతో సంబంధం లేకుండా జరిగిపోయాయి.

బొగ్గు మీద పన్ను వేస్తే కరెంటు బిల్లు పెరుగుతుంది, పేదవాడు ఏమైపోవాలి అంటారు. సరైన ప్రశ్నే. కరెంటు జీఎస్‌టీ మినహాయింపులో ఉంది కాబట్టి బొగ్గు మీద కట్టిన పన్నును ఉత్పత్తి సంస్థలు ఎక్కడా సర్దుబాటు చేసుకోలేవు, అది చివరికి ఛార్జీలోకే వస్తుంది. జవాబు ఆ డబ్బు ఎటు పోతుందన్నదాని మీద ఆధారపడి ఉంటుంది. దాన్ని కరెంటు తక్కువ తాగే ఫ్యాన్లకు ఖర్చు పెడితే ఏమవుతుందో చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు లాగుతుంది, బీఎల్‌డీసీ ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు 12 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యానుకు నెలకు 16 యూనిట్ల దాకా మిగులుతాయి. తెలంగాణ గృహజ్యోతిలో 200 యూనిట్ల దగ్గర గీత ఉంది; అది దాటితే మొత్తం బిల్లూ కట్టాలి. గీతకు అటూ ఇటూ ఊగే ఇంట్లో రెండు ఫ్యాన్లు మారిస్తే చాలు, సున్నా బిల్లు నిలబడుతుంది. ఇక్కడ యూనిట్‌కు 17 పైసల ఊరట ఏపాటిది?

మరి ఆ ఫ్యాను మీద పన్నెంత? 18 శాతం. బొగ్గు మీద ఉన్నంతే! ఏసీల మీద 28ని 18కి తగ్గించారు, మంచిదే. కానీ ఒక స్టార్ ఏసీకీ అయిదు స్టార్ల ఏసీకీ ఒకటే రేటు. స్టార్లు అతికించేది కేంద్ర ప్రభుత్వంలోని ఇంధన సామర్థ్య బ్యూరోయే, వాటిని చూడకుండా పన్ను వేసేది మీ మండలి. సోలార్ పరికరాల మీద 12ని 5కు తగ్గించిన చేత్తోనే అయిదు స్టార్ల వాటికీ తగ్గించవచ్చు.

ధర తగ్గితే జనం కొంటారా అని సందేహించేవాళ్లు ఎల్‌ఈడీ బల్బును గుర్తు తెచ్చుకోవాలి. 2014లో ప్రభుత్వం 310 రూపాయలకు కొన్న బల్బు, టోకు టెండర్ల వల్ల రెండేళ్లలో 38 రూపాయలకు దిగింది. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వీధులకు ఎల్‌ఈడీ దీపాలు పెట్టిందీ ఆ రోజుల్లోనే. ఫ్యాన్లకూ, రైతుల మోటార్లకూ ఆ స్థాయి కొనుగోలు ఇంకా జరగలేదు. ఉచిత విద్యుత్ ఇస్తున్న రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పాత మోటార్లు తాగే కరెంటుకు చెల్లించేది ఖజానాయే. కేశవ్ గారూ, ఆ సబ్సిడీ బిల్లు ప్రతి బడ్జెట్‌లోనూ మీ ముందుకు వస్తుంది కదా? ఆర్థికంతోపాటు ఇంధన శాఖనూ చూసే భట్టి గారికైతే రెండు వైపుల లెక్కలూ ఒకే బల్ల మీద ఉంటాయి. సింగరేణిలో 51 శాతం వాటా తెలంగాణదే కనుక, బొగ్గు పన్ను పెంచమనడం ఆయనకు కష్టమే. అయినా అడుగుతున్నాను.

అయిదు స్టార్ల ఫ్యాన్లు, ఫ్రిజ్‌లు, మోటార్లను 5 శాతం శ్లాబులోకి తెండి. బొగ్గు మీద టన్నుల లెక్కన సుంకాన్ని తిరిగి తేవడానికి పార్లమెంటులో చట్టం కావాలి. దాని రాబడిని పాత ఫ్యాన్లు, మోటార్ల మార్పిడికి తప్ప మరోదానికి వాడకూడదన్న నిబంధన ఆ చట్టంలోనే రాయించండి, నిధి పేరు మీద వదిలేయకండి. మొదటిదానికి మండలి సిఫారసు చాలు. వచ్చే మండలి సమావేశపు ఎజెండాలో దాన్ని పెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
కరెంటు బిల్లు కట్టే ఒక వినియోగదారు